జనరల్ షిఫ్టుకు రిలీవర్ ఉండడు

ప్రశ్న: బాబాయ్ గారికి నమస్కారం. నాకు 36 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో ప్రొడక్షన్ ఆపరేటర్‌ని. పదకొండేళ్లుగా షిఫ్టుల్లోనే ఉన్నాను. ఒక వారం సీ (రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు), తర్వాత వారం బీ (మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది), ఆ తర్వాత ఏ (పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు). ఇప్పుడు బ్యాచ్ రికార్డులు చూసే సెక్షన్‌లో ఒక ఖాళీ వచ్చింది. జనరల్ షిఫ్టు, తొమ్మిది నుంచి ఐదున్నర. వస్తావా అని ఇన్‌చార్జ్ అడిగాడు. జీతం 31,000 (అందులో బేసిక్, డీఏ కలిపి 22,000). అది మారదు. కానీ నైట్ అలవెన్సు రాత్రికి 200 చొప్పున నెలకు 1,600, నాలుగు డబుల్ డ్యూటీలకు (వరసగా రెండు షిఫ్టులు చేయడం) 1,200 చొప్పున 4,800, మొత్తం 6,400 పోతుంది. ఇంటి లోను నడుస్తోంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జనరల్‌కి వెళ్లమంటోంది. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. చోడవరం దగ్గర నాన్నకు రెండెకరాల చెరకు ఉంది. నా వీక్లీ ఆఫ్ మామూలు రోజుల్లో పడుతుంది కాబట్టి వెళ్లి పని చూసుకుంటున్నాను. షిఫ్టులో ఉన్న స్వేచ్ఛ జనరల్‌లో ఉండదని స్నేహితులు అంటున్నారు. ఈమధ్య షుగరు పరీక్ష చేయిస్తే పరగడుపున 114 వచ్చింది. నెల కిందట సీ షిఫ్టు దిగి బండి మీద వస్తుంటే లంకెలపాలెం దగ్గర ఒక్క క్షణం కన్ను మూసుకుపోయింది, ఏమీ కాలేదు. కంపెనీ బస్సు ఉంది గానీ ఊరంతా తిరిగి వస్తుంది, గంట ఎక్కువ పడుతుంది. ఏం చేయమంటారు?
గాజువాక పాఠకుడు

జవాబు: అబ్బాయ్, నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నాకు నీకన్నా పెద్ద కొడుకున్నాడు.

లోను, చెరకు, స్నేహితుల మాట అన్నీ అయ్యాక లంకెలపాలెం సంగతి ఒక్క వాక్యంలో రాసి, పక్కనే "ఏమీ కాలేదు" అని పెట్టావు. నేను మాత్రం నీ ఉత్తరాన్ని అక్కడి నుంచే చదివాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఏసీ గదిలో కూర్చుని నీతులు చెబుతున్నాననుకుంటావు. నేను ఒక పెద్ద కర్మాగారంలో 29 ఏళ్లు పనిచేశాను. 22 ఏళ్లు షిఫ్టులు, ఆఖరి ఏడేళ్లు జనరల్. రెండూ తిన్నవాణ్ని. రెండింటినీ తిట్టుకున్నవాణ్ని కూడా.

నీ స్నేహితులు చెప్పేది అబద్ధం కాదు. ఏ షిఫ్టు వారం ఉద్యోగస్తుడికి దేవుడిచ్చిన వరం. రెండింటికి డ్యూటీ దిగితే మూడున్నరకల్లా స్నానం, భోజనం అయిపోతాయి. బ్యాంకు, కరెంటాఫీసు, పిల్లాడి పంటి డాక్టరు, ఏ పనికీ సెలవు పెట్టక్కర్లేదు. వీక్లీ ఆఫ్ బుధవారం పడితే సింహాచలం కొండ మీద కూడా ప్రశాంతంగా దర్శనం అవుతుంది. జనరల్ వాళ్లు తొమ్మిదింటి ట్రాఫిక్‌లో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర హారన్లు కొట్టుకుంటుంటే మనం అప్పటికే సగం డ్యూటీ చేసేసి క్యాంటీన్లో ఇడ్లీ తింటుంటాం. పండగలకు మార్పిడి సౌకర్యం ఒకటి. నా పక్క యూనిట్లో ఒక ముస్లిం మిత్రుడు ఉండేవాడు. భోగి ముందు రాత్రి నా సీ షిఫ్టు అతను చేసేవాడు, రంజాన్‌కి అతని డ్యూటీ నేను చేసేవాణ్ని. పదిహేనేళ్లు ఎవరూ కాగితం మీద పెట్టకుండానే నడిచింది. జనరల్‌కి వెళ్లాక అలాంటి మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

అన్నిటికన్నా పెద్ద సుఖం రిలీవర్, అంటే మన తర్వాత డ్యూటీ ఎక్కే మనిషి. పది అయింది, రిలీవర్ వచ్చాడు, లాగ్‌బుక్ అప్పజెప్పావు, గేటు దాటావు. రియాక్టర్ ఏమైనా చేసుకోనీ, అది అతని తలనొప్పి. జనరల్ షిఫ్టుకు రిలీవర్ ఉండడు. ఐదున్నరకు నువ్వు లేచినా నీ బల్ల మీది కాగితం లేవదు. ఆడిట్ వస్తోందంటే ఎనిమిదవుతుంది. ఇంటికి వచ్చాక ఫోన్ మోగుతుంది, "ఆ రికార్డు ఎక్కడ పెట్టావ్?" అని. కాగితం మీద తొమ్మిది నుంచి ఐదున్నర ఉంటుంది గానీ, ఆ ఐదున్నర రబ్బరు లాంటిది. పైగా జనరల్‌లో పెద్దాఫీసర్లు అందరూ ఉండే వేళలోనే నువ్వూ ఉంటావు. నైట్‌లో నీ యూనిట్‌కి నువ్వే రాజువి. జనరల్‌లో నీ కుర్చీ ఎంత వెనక్కి జరిగిందో కూడా చూసేవాడుంటాడు. నాకు మొదటి నెలంతా సోమవారం ఉదయం మీటింగుల్లోనే గడిచిపోయింది. పదకొండింటిదాకా ఎవరూ ఏ పనీ చేయకపోవడం చూసి, ఇదే జీతానికి షిఫ్టు వాళ్లు రాత్రంతా వాల్వులు తిప్పుతున్నారే అనిపించింది.

ఇంట్లో ఇంకో తమాషా. ఇరవై రెండేళ్లు నేను లేకుండా నడవడం అలవాటైన ఇల్లు కదా. జనరల్‌కి మారిన రెండో ఆదివారం మా ఆవిడ, "ఇవాళ కూడా రోజంతా ఇంట్లోనే ఉంటారా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. పిల్లల చదువు, పాలవాడి లెక్క, చుట్టాల పెళ్లిళ్లు, అన్నీ నాతో పని లేకుండా అమరిపోయాయి. నా కుర్చీ ఎక్కడ వేయాలో నాకే తెలియలేదు. నీకు ఇంకా పదకొండేళ్లే అయ్యాయి, కుదురుకోవడం నాకన్నా తేలికవుతుంది.

ఇక డబ్బు. నువ్వు 6,400ను ఒకే ముద్దగా లెక్కేశావు. అది రెండు వేర్వేరు ముద్దలు. 4,800 రాత్రి పనికి వచ్చే డబ్బు కాదు, నెలకు 32 గంటలు అదనంగా చేస్తే వచ్చేది. ఆ అదనపు పని పగలు చేసినా రాత్రి చేసినా డబ్బు వస్తుంది, చేయకపోతే ఎక్కడా రాదు. రాత్రికి కంపెనీ కట్టిన ధర 1,600 మాత్రమే. రాత్రికి 200, ఎనిమిది గంటలు, అంటే గంటకు 25 రూపాయలు. గాజువాకలో రెండు టీలు తాగితే అయిపోతుంది. జనరల్‌కి వెళ్తే రాత్రి పేరు మీద నువ్వు నిజంగా వదులుకునేది ఆ రెండు టీలే.

ఇంకో సంగతి గమనించావా? డబుల్ డ్యూటీకి 1,200 ఇస్తున్నారని రాశావు. ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న మాట, కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ రెట్టింపు అలాగే ఉంది. నువ్వు ఆపరేటర్‌వి, సూపర్‌వైజర్‌వి కాదు, కాబట్టి ఆ మాట నీకు వర్తిస్తుంది. ఇప్పుడు లెక్క చూడు. జీతమంతా తీసుకుంటే 31,000ను 26 రోజులతో భాగించగా రోజుకు 1,192. అంటే నీకు ఇస్తున్నది దాదాపు ఒంటి రేటు. పోనీ, కంపెనీ వైపు నుంచే ఆలోచించి బేసిక్, డీఏ మాత్రమే లెక్కలోకి తీసుకుందాం. 22,000ను 26తో భాగిస్తే 846, రెట్టింపు 1,692. ఎలా చూసినా ఒక్కో డబుల్‌కి కనీసం 492 తక్కువ పడుతోంది. నెలకు నాలుగంటే 1,968, ఏడాదికి 23,616. ఏయే భత్యాలు కలపాలన్న దాని మీద అంకె పైకి జరుగుతుందేమో గానీ 1,200కి దిగదు. హెచ్ఆర్‌ని మర్యాదగా అడుగు, పే స్లిప్పులు మాత్రం దాచిపెట్టుకో. ఒక్కడివే అడక్కు, నీతోపాటు డబుల్స్ చేసే నలుగురినీ కలుపుకో. ఒంటరిగా అడిగినవాడు "గొడవ మనిషి" అవుతాడు, నలుగురు అడిగితే అది "విషయం" అవుతుంది.

రిలీవర్ రాని రోజున ఒకసారి డబుల్ తప్పదు, ప్లాంటును గాలికి వదిలేసి పోలేం. కానీ నెలనెలా తప్పకుండా నాలుగు పడుతున్నాయంటే రిలీవర్ రాకపోవడం కాదు, మనుషుల్ని తక్కువ పెట్టుకోవడం. ఆ లోటును నీ నిద్రతో పూడుస్తున్నారు, అదీ ఒంటి రేటుకు.

నిద్ర దగ్గరికే వస్తున్నాను. ఏ, బీ షిఫ్టుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చెడగొట్టేది సీ షిఫ్టు, అందులోనూ నీ రొటేషన్ ఉన్న తీరు. మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంది. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో ఆ గడియారం ఎలా నడుస్తుందో తేల్చినందుకే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో వైద్య నోబెల్ ఇచ్చారు. మనుషుల్లో ఆ గడియారం ఒక రోజుకన్నా కాస్త ఎక్కువ పొడవుగా నడుస్తుంది. అందుకే పడుకునే వేళ ఆలస్యం చేయడం తేలిక, ముందుకు లాక్కోవడం కష్టం. ఆదివారం పొద్దెక్కి లేవడం ఎంత సుఖమో, సోమవారం నాలుగింటికి లేవడం ఎంత నరకమో నీకు వేరే చెప్పక్కర్లేదు. దీని ప్రకారం షిఫ్టులు ఏ, బీ, సీ వరసలో తిరగాలి. నీది సీ, బీ, ఏ. గడియారాన్ని ప్రతి వారం ఎదురు తిప్పుతున్నారన్నమాట. పైగా వారమంతా రాత్రులు చేస్తే, ఒళ్లు రాత్రికి అలవాటు పడటం మొదలయ్యేసరికి వారం అయిపోతుంది. మళ్లీ మొదటికి. అందుకే ఈ విషయం చదివినవాళ్లు చాలామంది రెండు, మూడు రాత్రులు చేసి మారిపోయే పద్ధతే మేలంటారు. హైటెక్ సిటీలో అమెరికా వేళలకు పనిచేసే పిల్లలది వేరే కథ, వాళ్ల రాత్రి మారదు, దాని తిప్పలు దానికున్నాయి.

క్యాన్సర్ అని వాట్సాప్‌లో తిరిగేది కూడా చెప్పేస్తాను, భయపడతావని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన చేసే విభాగం 2007లో, మళ్లీ 2019లో రాత్రి షిఫ్టు పనిని "బహుశా క్యాన్సర్ కలిగించేవి" అనే వరసలో పెట్టిన మాట నిజం. మన వేటమాంసం కూడా అదే వరసలో ఉంది. ఆధారం ఎంత గట్టిదో ఆ జాబితా చెబుతుంది గానీ, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అంచేత దాన్ని చూసి నిద్ర పాడు చేసుకోకు. ఉన్న నిద్రే తక్కువ.

నీ 114 మాత్రం పక్కన పెట్టేది కాదు. పరగడుపున 100 దాటి 125 లోపు ఉంటే షుగరు గడప దగ్గర ఉన్నట్టు. దానికి సీ షిఫ్టు ఒక్కటే కారణమని అనను, మీ నాన్నగారికో అమ్మగారికో ఉందేమో డాక్టరే అడుగుతారు. కానీ అర్ధరాత్రి దాటాక ఒళ్లు చక్కెరను పగటిలాగా సర్దుకోలేదు. అదే అన్నం, అదే సాంబారు మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నదానికన్నా రాత్రి ఒంటిగంటకు తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. క్యాంటీన్‌లో ఒంటిగంట భోజనం ఉచితం కదా అని నేను ఇరవై ఏళ్లు ప్లేటు నిండా పెట్టించుకున్నాను. ఇప్పుడు రోజూ రెండు మాత్రలు. ఇంట్లో ఎనిమిదింటికి కడుపునిండా తిని వెళ్లు. రాత్రికి గుప్పెడు వేరుశనగలో, మజ్జిగో, ఉడకబెట్టిన గుడ్డో చాలు. మూడింటి టీ మానెయ్. ఐదారు గంటలు గడిచినా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది, పొద్దున్న ఏడున్నరకు పడుకుంటే కళ్లు మూతపడతాయి, నిద్ర మాత్రం పట్టదు.

ఇప్పుడు లంకెలపాలెం. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు ఒక పోలిక కట్టారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉన్న పొందిక, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి తీరుకు దిగిపోయింది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానం. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. సీ షిఫ్టు మొదటి రోజు నువ్వు ఎప్పుడు లేస్తావు? పిల్లల్ని స్కూలుకు పంపే హడావిడిలో ఏడింటికి లేచి ఉంటావు, మధ్యాహ్నం ఇంట్లో ఏదో పని. రాత్రి పదికి డ్యూటీ ఎక్కి, పొద్దున్న ఆరింటికి దిగి, బండి స్టార్ట్ చేసేసరికి 23 గంటలు. చుక్క ముట్టకుండానే చట్టం హద్దుకు మూడు రెట్లు తాగినవాడితో సమానంగా హైవే మీదికి వస్తున్నావు. పక్కన లారీలు, ఎదురుగా పరవాడ వెళ్లే ఏ షిఫ్టు బస్సులు. ఆ క్షణం కన్ను తెరుచుకుంది కాబట్టి నువ్వు నాకు ఉత్తరం రాయగలిగావు. మా యూనిట్లో ఒకతను రాయలేకపోయాడు. అంతకన్నా చెప్పను.

మీ ఆవిడ జనరల్‌కి వెళ్లమంటోందని రాశావు గానీ, ఎందుకంటోందో ఒక్క ముక్క రాయలేదు. అడిగావా? షిఫ్టు నీ ఒక్కడికే లేదబ్బాయ్. నువ్వు పొద్దున్న పడుకుంటే సెలవు రోజున ఆ పిల్లలు మునివేళ్ల మీద నడుస్తారు, కుక్కర్ కూత వేయకుండా ఆమె వంట చేస్తుంది, డోర్‌బెల్ మోగకముందే పరుగెత్తుతుంది. బీ షిఫ్టు వారంలో రాత్రి పదకొండింటికి అన్నం వడ్డించి, మళ్లీ ఐదింటికి లేచి క్యారేజీలు కట్టి స్కూలుకు పోతుంది. ఆమెకు నైట్ అలవెన్సు ఎవరిస్తున్నారు? బీ షిఫ్టు వారంలో పాపతో నువ్వు ఎన్ని మాటలు మాట్లాడతావో ఒకసారి లెక్కపెట్టు. పాప స్కూలుకు వెళ్లేటప్పుడు నువ్వు నిద్రలో, నువ్వు ఇంటికి వచ్చేసరికి పాప నిద్రలో. ఏడో తరగతి కదా, ఇంకో మూడేళ్లలో పది. ఆ తర్వాత ఏ కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కో పంపుతావు.

కాబట్టి నా మాట, వెళ్లు. కానీ "మా ఆవిడ కోసం త్యాగం చేస్తున్నా" అనే మొహంతో వెళ్లకు. అలా వెళ్లినవాడు ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ 6,400 ఇంట్లోవాళ్ల మొహాన కొడుతుంటాడు. లంకెలపాలెం కోసం వెళ్తున్నానని నీకు నువ్వు చెప్పుకో.

ఒప్పుకునేముందు కొన్ని తేల్చుకోవాలి. ఆర్నెల్లు చూసి కుదరకపోతే షిఫ్టులోకి తిరిగి రావచ్చని మెయిల్‌లో రాయించుకో, ఇన్‌చార్జ్ నోటిమాట అతను బదిలీ అయ్యేదాకానే. ఆడిట్ రోజుల్లో ఐదున్నర దాటి కూర్చోబెడితే దానికి ఓవర్‌టైమ్ ఉందో, లేక ఇంకో రోజు సెలవిస్తారో అడుగు. "అందరూ ఉంటారు కదా" అన్న జవాబు వస్తే ఆ సెక్షన్ సంగతి నీకు అర్థమైపోతుంది. అక్కడ ఇప్పుడున్న వాళ్లలో ఒకణ్ని టీకి తీసుకెళ్లి, మామూలు రోజున ఇంటికి ఎన్నింటికి చేరతాడో కనుక్కో. అన్నిటికన్నా అసలైన జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంకొకటి, రికార్డుల పని నేర్చుకున్నవాడికి ఫార్మాలో ముందు దారి ఉంది. నలభై ఐదేళ్లకు కూడా మెట్లెక్కి రియాక్టర్ మ్యాన్‌హోల్‌లోకి తొంగిచూసే పనే చేస్తానంటే మోకాళ్లు ఒప్పుకోవాలి.

లోను గురించి రాశావు, కాబట్టి ఒక ప్రయోగం చెయ్. ఇప్పటినుంచే రెండు నెలలు ఆ 6,400 రాలేదనుకో, జీతం పడగానే వేరే ఖాతాలోకి నెట్టెయ్. ఇల్లు నడిచిందా, సరే. నడవలేదా, ఎంత తక్కువ పడిందో రూపాయలతో సహా తెలుస్తుంది. నా అనుభవంలో అది 6,400 ఉండదు. డబుల్ చేసి వచ్చిన రోజు వండే ఓపిక లేక తెప్పించిన బిర్యానీలూ అందులోనే ఉంటాయి.

చెరకు విషయంలో మాత్రం నీకు నష్టమే, నేను కాదనను. జనరల్‌లో మిగిలేది ఆదివారం. కూలీలు దొరికేదీ, బండి దొరికేదీ ఆదివారం చూసుకుని రావు. నరికే రోజుల్లో నాలుగైదు రోజులు వరసగా సెలవు పెట్టుకునేలా ఏడాది మొదట్లోనే చెప్పుకో. షిఫ్టులో అయితే నీ బదులు మనిషిని వెతికిపెట్టాలి. జనరల్‌లో ముందే చెప్పిన సెలవు దొరకడం కొంచెం తేలిక. ఆ రెండెకరాలు కౌలుకిచ్చే మాట మీ నాన్నగారి దగ్గర ఎత్తాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే ఆ జోలికి పోను.

ఒకవేళ ఖాళీ వేరేవాడికి పోతే? సిఫార్సులు మన చేతుల్లో ఉండవు, అదీ జరగొచ్చు. అప్పుడు సీ షిఫ్టునే కాస్త బాగుచేసుకోవాలి. రొటేషన్‌ను ఏ, బీ, సీగా తిప్పమని అడగండి. కంపెనీకి రూపాయి ఖర్చు లేదు, ఛార్టు ఎదురు రాస్తే సరిపోతుంది. మొదటి నైట్ రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకో. పొద్దున్న ఇంటికి వచ్చేటప్పుడు చలువ కళ్లద్దాలు పెట్టుకో, కిటికీకి దుప్పటి కట్టించు. ఎండ కంట్లో పడితే ఒంటి గడియారం పగలైందనుకుంటుంది. డబుల్స్ నెలకు ఒకటి దాటనని ఇంట్లో మాటివ్వు. షుగరు మూడు నెలల సగటు పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. రేపే చేయించు, షిఫ్టు మారినా మారకపోయినా.

ఈ వారం నీకు మళ్లీ సీ షిఫ్టేనని ఉత్తరం వెనక తారీఖు చూస్తే తెలుస్తోంది. బండి ఇంట్లో పెట్టి బస్సెక్కు. గంట ఎక్కువైతే అయింది, ఆ గంటా కిటికీ పక్కన నిద్రపో.